బీపీ వినపడలేదని నిజం చెప్తే వార్డంతా నవ్వినారు, నేను నర్సింగ్‌కి పనికొస్తానా?

పలమనేరు_పిల్ల:
అందరికీ నమస్తే. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ సెకండ్ ఇయర్, హాస్టల్లో ఉంటా ఉండా. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు మెడికల్ వార్డు పోస్టింగ్. మొన్న రౌండ్స్ ముందర సిస్టర్ ఒక ముసలాయనకి బీపీ చూడమనింది, ఆయన చెయ్యేమో పుల్ల మాదిరి ఉంది, కఫ్ కట్టి గాలి కొట్టి స్టెత్ పెడితే ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు, మళ్ళీ కొట్టినా అంతే. వినపడలేదు మేడం అన్నా. సెకండ్ ఇయర్‌కి వచ్చినావు, బీపీ కూడా రాదా అని గట్టిగా అనేసింది, అటెండర్లు, మా బ్యాచ్ వాళ్ళు అందరూ నవ్వినారు. ఆయన అరవంలో ఏమో అడగతా ఉంటే అదీ అర్థం కాలే, మా సైడు కన్నడం అయితే రొంత వస్తాది గానీ అరవం రాదు.

రూమ్‌కి వచ్చినాక ఫ్రెండ్స్ ఏమంటారంటే, ఎవరికి వినపడతాదే, 110/70 అనో 120/80 అనో రాసేయ్ అని. నాకు అట్ల రాయబుద్ధి కాదు. కానీ అప్పట్నించి పొద్దున యూనిఫాం వేసుకుంటానే కడుపులో తిప్పేస్తాది, ఎవరైనా నా చేతులే చూస్తా ఉండారు అనిపిస్తే చేతులు వణకతాయి. నాయన అప్పు తెచ్చి ఫీజు కట్టినాడు, ఇంట్లో చెప్పలేను. మీకెవరికైనా ఇట్ల ఉండిందా?

నైట్‌డ్యూటీ_అక్క:
పాపా, ఏడుపు తర్వాత, ముందు బీపీ సంగతి చూద్దాం. స్టెత్ ఇయర్ పీసులు ముక్కు వైపు తిరిగి ఉండల్ల, వెనక్కి పెట్టుకుంటే సగం సౌండ్ పోతాది. పెట్టుకున్నాక డయాఫ్రాం, అదే స్టెత్ చివర ఉండే వెడల్పు బిళ్ళ, దాని మీద వేలితో తట్టి చూడు, వెనక ఉండే చిన్న గిన్నె లాంటి బెల్ వైపు తిరిగిపోయి ఉంటే ఏమీ వినపడదు. మోచేతి మడత లోపల, చిటికెన వేలి వైపు బ్రేకియల్ పల్స్ వేలికి తగిలినాకే స్టెత్ పెట్టు, ఊరికే మధ్యలో పెడితే దొరకదు.

ముందు మణికట్టు దగ్గర రేడియల్ పల్స్ మీద వేళ్ళు పెట్టి గాలి కొట్టు, పల్స్ ఆగిపోయిన నెంబరు గుర్తు పెట్టుకో, గాలంతా వదిలి కాసేపు ఆగి, ఈసారి ఆ నెంబరు కంటే 30 పైకి కొట్టి సెకనుకి 2, 3 చొప్పున దించు. అప్పటికీ వినపడకుంటే దించేటప్పుడు పల్స్ మళ్ళీ తగిలిన నెంబరు ఉంటాది కదా, అదే సిస్టాలిక్, పై నెంబరు. "మేడం, 100 బై పాల్పేషన్, డయాస్టాలిక్ వినపడలేదు" అని చెప్పు, అంటే పై నెంబరు వేలితో పల్స్ పట్టి చూసినా, కింది నెంబరు దొరకలేదు అని. ఇంక నవ్వేదానికి ఏముంది? పుల్ల చేతికి పెద్ద కఫ్ కడితే రీడింగ్ తక్కువ చూపిస్తాది, అదీ చూసుకో.

ఇంకో మాట. నేను డ్యూటీకి వచ్చి చార్టు తీస్తే వరసగా అన్ని బెడ్లకీ 120/80 ఉంటే తెలీదా నాకు? బీపీ నిజంగానే పడిపోతా ఉన్నా సౌండ్ సరిగా వినపడదు. అట్లాంటోళ్ళకి 120/80 రాసేస్తే ఎవరూ తిరిగి చూడరు, తెల్లారేసరికి కథ వేరే అయిపోతాది. వినపడలేదు అని చెప్పే పిల్లని నేను నమ్ముతా.

చిత్తూరు_అబ్బోడు:
నేను నర్సు కాదు, అటెండర్ సైడు నుంచి చెప్తా ఉండా. మా అమ్మని అడ్మిట్ చేసినప్పుడు స్టూడెంట్లు వస్తే నేనే పెద్ద సిస్టర్ని పిలవండి అనేవాణ్ణి. ఆ పిల్లల మీద కోపం కాదమ్మా, సూదులకి అమ్మ చేతులు కమిలిపోయి ఉన్నాయి, చూడలేక. ఒక పాప మాత్రం వచ్చి పేరు చెప్పి, నేను స్టూడెంట్‌ని ఆంటీ, ఒక్కసారి చూస్తా, దొరక్కపోతే సిస్టర్ని పిలుస్తా అనింది. దొరకలేదు, పిలిచింది. అయినా అమ్మ మరసటి రోజు ఆ పాప ఏదీ అని అడిగింది. మీ వార్డులో నవ్వినోళ్ళు ఇంటికి పోయినాక నీ మొహం కూడా గుర్తు పెట్టుకోరు.

ఓటీ_బ్రదర్:
ఇక్కడ ఎవరో ఒకరు వచ్చి ఇది ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటారు, ముందే చెప్తా, కాదు. 1978లో క్లాన్స్, ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు రాసింది బాగా సాధించి కూడా మేము మోసం చేస్తా ఉండాం అనుకునే ఆడవాళ్ళ గురించి. నీకు ఇంకా రాలేదు, నేర్చుకుంటా ఉండావు, అంతే. రాని పని రాలేదనేదానికి జబ్బు పేరెందుకు?

కానీ అక్కా, తిట్టింది గురించి మీరు ఒక్క మాట కూడా అనలేదే. మా టైంలో ఇంకా తిట్టేవాళ్ళు అని అందరం మింగేస్తాం. తప్పు చెప్పాలంటే నర్సింగ్ స్టేషన్‌కి పిలిచి చెప్పొచ్చు, పేషెంట్ ముందర అరిస్తే ఇంక ఆ పేషెంట్ ఆ పిల్ల చేతికి చెయ్యిస్తాడా? పాపా, రోజూ ఇట్లనే జరగతా ఉంటే మీ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పు. కడుపులో తిప్పేది తగ్గకుండా నిద్ర, తిండి పోతా ఉంటే 14416 టెలి మానస్‌కి చెయ్యి, మనసు బాగలేనోళ్ళ కోసం గవర్నమెంట్ హెల్ప్‌లైన్ అది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అరవానికి వలిక్కుదా అంటే నొప్పిగా ఉందా, కై నీట్టుంగ అంటే చెయ్యి చాపండి. తిరుపతిలో ఈ రెండూ వస్తే సగం వార్డు నడిచిపోతాది.

పలమనేరు_పిల్ల:
థ్యాంక్స్ అక్కా, అన్నా. రూమ్మేట్ చెయ్యి పట్టుకుని పల్స్ పద్ధతి చేసినా, నెంబరు దొరికింది, సౌండ్ కూడా వినపడింది, కానీ ఆమెది లావు చెయ్యి లెండి. అక్కా ఒక డౌటు, మా వార్డులో చిన్న కఫ్ లేదు, పిల్లల వార్డులో అడిగితే తిడతారా?

నైట్‌డ్యూటీ_అక్క:
తిడతారు. ఆయన చేతికి సరిపోతాదో లేదో చూసుకుని, రిజిస్టర్లో రాసి తెచ్చుకో, పని అయినాక వెంటనే ఇచ్చేయ్.