రిస్క్-ఫైవ్, బిగ్ ఎండియన్‌లకు అసలు హార్డ్‌వేర్ ఏది కొనాలి? (తిరుపతి)

తిరుపతి_సీ: నాది ఓపెన్ సోర్స్ సీ లైబ్రరీ ఒకటి. క్యూఈఎంయూలో (వేరే ప్రాసెసర్‌ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) రిస్క్-ఫైవ్, బిగ్ ఎండియన్ (సంఖ్యలో పెద్ద బైటు మెమరీలో ముందుండే) మిప్స్ అనే రెండు ప్రాసెసర్ రకాల టెస్టులన్నీ పాసయినాయి. అసలు హార్డ్‌వేర్ మీద చూడాల. ఇక్కడి షాపుల్లో రాస్‌ప్‌బెర్రీ పై దాటి ఏమీ లేదు. సీడాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ) వాళ్ళ రిస్క్-ఫైవ్ బోర్డు ఆరీస్ సరిపోతుందా?

రేణిగుంట_రూట్: ఆరీస్ వద్దన్నా. అందులోని తేజస్32 చిప్‌కి ఉండేది 256 కేబీ ర్యామ్, లినక్స్ యాడ పడుతుంది? విజన్‌ఫైవ్ 2 అనే రిస్క్-ఫైవ్ బోర్డు తెప్పించుకో. నాలుగు యూ74 కోర్లు, డెబియన్ 13 అధికారికంగానే ఎక్కుతుంది. ఉబుంటు 25.10 మాత్రం ఆర్‌వీఏ23 (కొత్త రిస్క్-ఫైవ్ ప్రొఫైల్) అడుగుతుంది, ఎక్కదు. వెక్టర్ కోడ్ (ఒకే ఆదేశంతో చాలా సంఖ్యల మీద పనిచేసేది) ఉంటే బనానా పై ఎఫ్3 చూడు, యూ74లో వెక్టర్ లేదు.

బోర్డుతోపాటు బోర్డు మెసేజ్‌లు పీసీలో చూడ్డానికి 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ తప్పనిసరి. 6వ పిన్ గ్రౌండ్, 8వది బోర్డు టీఎక్స్ (పంపేది), దాన్ని అడాప్టర్ ఆర్‌ఎక్స్‌కి (అందుకునేది) కలుపు, 10వది బోర్డు ఆర్‌ఎక్స్, దాన్ని అడాప్టర్ టీఎక్స్‌కి. అడాప్టర్ వీసీసీ (కరెంటు) తీగ కలపకుండా వదిలెయ్. స్పీడు 115200. ఫ్లాష్‌లో పాత యూ-బూట్ (లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్) ఉంటే కొత్త ఇమేజ్ బూటవ్వదు, ముందు దాన్ని మార్చాల. మార్చేటప్పుడు కరెంటు పోయిందా, కంగారొద్దు: రెండు బూట్ స్విచ్‌లూ 1కి పెట్టి ఆన్ చేస్తే తెర మీద వరసగా 'సి' అక్షరాలు పడతాయి. ఎక్స్‌మోడెమ్‌లో (సీరియల్ తీగ మీద ఫైలు పంపే పద్ధతి) రికవరీ ఫైలు పంపు, లేస్తుంది.

కాణిపాకం_బిగ్‌ఎండియన్: బిగ్ ఎండియన్‌కి కొత్తది కొనడం దండగ. సెకండ్‌హ్యాండ్ టీపీ-లింక్ ఆర్చర్ సీ7 వైఫై రౌటర్ చాలు, అందులో ఉండేది బిగ్ ఎండియన్ మిప్సే. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగితే ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్ దగ్గరే, అక్కడ అడిగి చూడండి. అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ 2 అని చూసుకోండి: 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్. ఎంటీ7621 చిప్ రౌటర్ అంటగడతారు జాగ్రత్త, అదీ మిప్సే గానీ లిటిల్ ఎండియన్.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రౌటర్లకి లినక్స్) ఎక్కించి, దాని ఎస్‌డీకేతో (పీసీ మీద రౌటర్ కోసం బిల్డ్ చేసే టూల్స్) స్టాటిక్‌గా బిల్డ్ చేసి, ఫైలు టెంప్ ఫోల్డర్‌లో వేయండి, అది ర్యామ్‌లోనే ఉంటుంది. కాపీ చేసేటప్పుడు పీసీలో ఎస్‌సీపీ (ఫైలు కాపీ చేసే కమాండ్) కొత్త వెర్షన్ అయితే పెద్ద 'ఓ' ఫ్లాగ్ ఇవ్వకపోతే ఫెయిలవుతుంది, అది వాడే ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్ రౌటర్‌లో ఉండదు కాబట్టి. దశాంశ లెక్కలు చేసే ఎఫ్‌పీయూ కూడా లేదు, ఫ్లోట్ టెస్టులు నత్తనడకే.

తిరుపతి_సీ: థ్రెడ్ టెస్టులకి ఏది?

రేణిగుంట_రూట్: రౌటర్ కాదు, ఒకటే కోర్. ఎక్స్86 (మామూలు పీసీ ప్రాసెసర్) మీద నడిచే క్యూఈఎంయూలో మెమరీ ఆర్డరింగ్ తప్పులు (థ్రెడ్ల మధ్య మెమరీ రాతలు వరస మారి కనిపించడం వల్ల వచ్చేవి) దాదాపు బయటపడవు, అందుకే నీ టెస్టులు పాసయినాయనుకుంటా. యూ74 ఇన్-ఆర్డర్ కోర్ (ఆదేశాలు వరసగానే నడిపేది) కాబట్టి అక్కడా కొన్ని దాక్కుంటాయి. ఓపెన్ సోర్స్ అంటున్నావు గదా, జీసీసీ కంపైల్ ఫార్మ్‌లో (ఓపెన్ సోర్స్ వాళ్ళకి దూరం నుంచి వాడుకోనిచ్చే మెషిన్లు) ఉచిత అకౌంటుకి అప్లై చెయ్. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఐబీఎం పవర్ ప్రాసెసర్ మెషిన్లు దొరుకుతాయి, థ్రెడ్ల రేసులుంటే వాటి మీద పట్టుబడే అవకాశం ఎక్కువ.