ఆదివారం టోర్నీకి డెక్: 63 కార్డుల దగ్గర ఆగిపోయాను, ఏ మూడు తీయాలి?

కొత్త_డ్రీపీ (శుక్రవారం, రాత్రి 9:12)
అందరికీ నమస్తే. ఎల్లుండి విశాఖ ద్వారకానగర్‌లో పోకెమాన్ కార్డుల టోర్నీ. నాకిదే మొదటిది. నాలుగు స్విస్ రౌండ్లు (ఓడినా అందరూ అన్నీ ఆడతారు), రౌండుకి ఒక్కటే గేమ్, తర్వాత టాప్ 4 (మొదటి నలుగురికి నాకౌట్) అన్నారు. నా దగ్గర డ్రాగపల్ట్ ఈఎక్స్ (ఈఎక్స్ అంటే బలమైన, మెరిసే రకం పోకెమాన్ కార్డు), డస్క్‌నోయిర్ సామాను మొత్తం ఉంది. చారిజార్డ్ ఈఎక్స్ లీగ్ బ్యాటిల్ డెక్ (రెడీమేడ్ డెక్) కూడా ఉంది. డెక్‌లో 60 కార్డులే ఉండాలి, డ్రాగపల్ట్‌తో లిస్టు రాస్తే 63 తేలింది. అందులో బడ్యూ 2, అయోనో 4 (చేతి కార్డులు మార్చేది), రేర్ క్యాండీ 3, కౌంటర్ క్యాచర్ 2, నైట్ స్ట్రెచర్ 3 (పోయిన కార్డును వెనక్కి తెచ్చేది), డస్క్‌నోయిర్ 1. ఏ మూడు తీయాలి? అసలు చారిజార్డే మేలా? రేపు సాయంత్రం ఎంవీపీ కాలనీ వైపు ప్రాక్టీసుకి ఎవరైనా దొరుకుతారా? ఇంకోటి, ఈ వానలకి నా ఈఎక్స్ కార్డులన్నీ కొంచెం వంగాయి. పర్వాలేదా?

ఉక్కునగరం_గెంగార్ (రాత్రి 9:30)
తమ్ముడూ, చారిజార్డ్ వేసుకో, తిరుగు లేదు. పరిణామం చెందగానే డెక్‌లోంచి మూడు ఫైర్ ఎనర్జీలు (దాడికి కావలసిన కార్డులు) వచ్చి పడతాయి. పిడ్జియట్ కూర్చుంటే ప్రతి టర్నూ కావలసిన కార్డు చేతికొస్తుంది. డ్రాగపల్ట్‌ని చూసి భయపడకు. చారిజార్డ్ టెరా రకం, బెంచి మీద (వెనక వరసలో) ఉంటే దానికి దెబ్బే తగలదు. ఇరవై ఏళ్లుగా కార్డులాడుతున్నాను, నా మాట విను. మొన్న మా సెక్టార్ కుర్రాళ్ల మీద వరసగా ఆరు గేములు గెలిచాను.

లెక్కల_మాస్టారు (రాత్రి 9:51)
గెంగార్ గారూ, మీరు చెప్పింది సగమే నిజం. టెరా పోకెమాన్ బెంచి మీద ఉంటే ఆపేది ‘డ్యామేజీ’ని. డ్రాగపల్ట్ దాడి ఫాంటమ్ డైవ్, ముందున్న దానికి 200 కొట్టి, బెంచి మీద ఆరు డ్యామేజ్ కౌంటర్లు (ఒక్కోటి 10) పెడుతుంది. కొట్టడం వేరు, కౌంటర్లు పెట్టడం వేరు. మీ చారిజార్డ్ మీద శుభ్రంగా పెట్టుకోవచ్చు. డస్క్‌నోయిర్ తనను తాను చంపుకుని పెట్టే 13 కౌంటర్లదీ అదే కథ. 200 ప్లస్ 130 ఎంత? 330. చారిజార్డ్ ప్రాణం ఎంత? 330. ఇది యాదృచ్ఛికమని ఊరుకున్నా, ఓడేది మాత్రం మీరే.

ఉక్కునగరం_గెంగార్ (రాత్రి 9:58)
మాస్టారూ, మీరు కాగితం మీద ఆడతారు, నేను టేబుల్ మీద ఆడతాను. మాక్సిమమ్ బెల్ట్ పెట్టి చూడండి. చారిజార్డ్ దెబ్బ 180కి బెల్ట్ 50 కలిపి, అవతలివాడు మూడు ప్రైజులు (ఆట మొదట్లో డెక్‌లోంచి పక్కన పెట్టే ఆరు కార్డులు, ఎదుటి పోకెమాన్‌ని పడగొడితే తీసుకునేవి) తీసుకున్నాక ఇంకో 90 కలపండి. 320. మీ డ్రాగపల్ట్ ప్రాణం ఎంతో మీరే చెప్పండి.

లెక్కల_మాస్టారు (రాత్రి 10:03)
320. ఇది ఒప్పుకుంటున్నాను. టెరా సంగతి మీరు ఇంకా ఒప్పుకోలేదు.

మురీమిక్చర్ (రాత్రి 10:20)
కార్డులు వంగాయన్నావు చూడు, అసలు సంగతి అక్కడుంది గురూ. డెక్ గొడవ తర్వాత. మన ఊళ్లో ఫాయిల్ కార్డు వంగకపోతేనే ఆశ్చర్యం. నాకు రెండేళ్ల కిందట ఇలాగే అయింది. రెండో రౌండులో ఎదుటివాడు నా డెక్ కట్ చేస్తూ ఒకచోట ఆగాడు. చేతిలో కట్ట రెండుగా విడిపోతోంది, మధ్యలో సన్నగా సందు. ఆ సందు దగ్గర చూస్తే ప్రతిసారీ ఈఎక్సే. జడ్జిని పిలిచాడు. నేను మోసం చేయలేదని ఆయనకీ తెలుసు, కానీ వెనక నుంచి గుర్తుపట్టగలిగితే అవి గుర్తు పెట్టిన కార్డుల కిందే లెక్క. ఆ గేము పోయింది. ఈఎక్స్ కార్డులు ఫాయిల్ లేకుండా దొరకవు కదా. అందుకే డెక్‌లో ముఖ్యమైనవే వంగుతాయి, ఓ వరుసలో వంగుతాయి.

సింహాద్రి_స్లీవ్స్ (రాత్రి 10:34)
బియ్యం డబ్బాలో పెట్టు. రెండు రోజులు చాలు.

లెక్కల_మాస్టారు (రాత్రి 10:41)
బియ్యమా! పొడి మొత్తం స్లీవుల్లోకి (కార్డు తొడుగుల్లోకి) పోతుంది. కార్డు వెనకాల కాగితం తేమ పీల్చి సాగుతుంది, ముందున్న ఫాయిల్ సాగదు. అందుకే బొమ్మ వైపు లోపలికి వంగుతుంది. తేమ తీయాలంటే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పెట్టాలి.

సింహాద్రి_స్లీవ్స్ (రాత్రి 10:44)
మా ఇంట్లో బియ్యంలోనే సరయ్యాయి. మీ ఇంట్లో ఏమయ్యాయో నాకు తెలీదు.

మురీమిక్చర్ (రాత్రి 10:50)
మాస్టారు చెప్పింది కరెక్టు, కానీ సిలికా జెల్ కూడా ఎక్కువసేపు పెట్టకూడదు. నేను వారం రోజులు మరిచిపోతే కార్డులు అటు వైపు వంగాయి. ఇప్పుడు బొమ్మ ఉబ్బెత్తుగా ఉంది. ఒక రోజు, ఒకటిన్నర రోజు, అంతే. తీశాక రెండు స్లీవులు వేసి, లావుపాటి పుస్తకం కింద పెట్టు.

సింహాద్రి_స్లీవ్స్ (రాత్రి 10:52)
చూశారా? బియ్యంతో ఆ గొడవ లేదు.

లెక్కల_మాస్టారు (రాత్రి 10:59)
అయ్యా, బియ్యం తేమ పెద్దగా పీల్చదు. సముద్రం పక్కన బియ్యమే మెత్తబడి ఉంటుంది. దానికే ఇంకొకరు కావాలి తేమ తీయడానికి.

సింహాద్రి_స్లీవ్స్ (రాత్రి 11:02)
మీరు మాస్టారు అయితే స్కూల్లో. ఇక్కడ అందరం ఆటగాళ్లమే. మాట తీరు చూసుకోండి.

మధురవాడ_అమ్మ (రాత్రి 11:15)
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి పదకొండేళ్లు. పోయినసారి వాడు అటాక్ లెక్క వేసుకుంటుంటే ఎదురుగా కూర్చున్న పెద్దాయన టేబుల్ మీద వేళ్లతో టకటకా కొడుతూనే ఉన్నాడు. ‘త్వరగా, త్వరగా’ అంటాడు. వాడు కంగారులో ఎనర్జీ పెట్టడం మర్చిపోయాడు. ఇంటికొచ్చి రాత్రి అన్నం తినలేదు. టైమ్ అయిపోతుందంటే జడ్జిని పిలవాలి గానీ పిల్లాడి మీద పడతారా? ఆదివారం మళ్లీ తీసుకొస్తున్నాను. ఆ పెద్దాయన ఇది చదువుతుంటే ఆయనకే చెబుతున్నాను.

ఉక్కునగరం_గెంగార్ (రాత్రి 11:21)
అది నేను కాదు.

మధురవాడ_అమ్మ (రాత్రి 11:22)
మీరని నేను అనలేదు అన్నయ్యా.

బీచ్‌రోడ్_బడ్యూ (శనివారం, ఉదయం 7:40)
రాత్రంతా బియ్యం గురించి కొట్టుకున్నారా మీరు? పాపం ఆ అబ్బాయి ఏమడిగాడు!

డ్రీపీ, నీ లిస్టు చూశాను. ఒకే గేము అంటే మొదటి రెండు టర్నులే ప్రాణం. బడ్యూ రెండూ ఉంచు. రెండో వంతు ఆడితే మొదటి టర్నులోనే ఎనర్జీ లేకుండా 10 కొట్టి ఎదుటివాడి ఐటమ్ కార్డులు ఆపేస్తుంది. వాడు రేర్ క్యాండీ పట్టుకుని కూర్చుని చూస్తుంటే ఆ ముఖం చూడాలి. ఆపైన డ్రాక్లోక్‌తో (డ్రాగపల్ట్‌కి ముందు రూపం) రెండేసి కార్డులు చూసుకుంటూ నింపాదిగా ఎదుగు. మూడు గేముల రౌండు అయితే 50 నిమిషాలుంటాయి, ఒకటి పోయినా తేరుకుంటావు. ఇక్కడ ఆ వీలు లేదు.

తీయాల్సింది: నైట్ స్ట్రెచర్ ఒకటి, అయోనో ఒకటి. మూడోది కౌంటర్ క్యాచర్.

లెక్కల_మాస్టారు (ఉదయం 8:05)
మొదటి రెండూ సరే. కౌంటర్ క్యాచర్ మాత్రం తీయొద్దు. నీకు ఎదుటివాడి కన్నా ప్రైజులు ఎక్కువ మిగిలి ఉంటేనే అది పనిచేస్తుంది కదా, డస్క్‌నోయిర్ డెక్ కావాలనే వెనకబడుతుంది. తనని చంపుకుని ఒక ప్రైజ్ ఇస్తుంది, ఆ తర్వాత క్యాచర్‌తో కావలసినదాన్ని ముందుకి లాక్కోవచ్చు. అది ఐటమ్ కాబట్టి, టర్నుకి ఒక్కటే వేయగల సపోర్టర్ కార్డు కూడా మిగులుతుంది.

రెండో బడ్యూ సంగతి చూద్దాం. 60 కార్డుల్లోంచి మొదటి ఏడింట్లో బడ్యూ కనిపించాలంటే, ఒకటుంటే 11.7 శాతం, రెండుంటే 22, నాలుగుంటే 40. రెండోది పెట్టి నువ్వు కొంటున్నది ఆ పది శాతం. తక్కువేం కాదు, కానీ చిన్న పోకెమాన్‌ని డెక్‌లోంచి తెచ్చే పోఫిన్ కార్డుతో కూడా బడ్యూ వస్తుంది. కాబట్టి రెండో బడ్యూ తీసెయ్.

బీచ్‌రోడ్_బడ్యూ (ఉదయం 8:12)
పోఫిన్‌తో వస్తే బెంచి మీదకి వస్తుంది మాస్టారూ, ముందుకి కాదు. ముందున్న డ్రీపీ కార్డు వెనక్కి తగ్గాలంటే ఎనర్జీ కావాలి. లాటియాస్ ఉంటే ఫ్రీ, ఆ లాటియాస్ ఎక్కడుందో? అయినా రెండోది తీసేస్తే బేసిక్కులు (మొదటి దశ పోకెమాన్) తగ్గుతాయి. పది బేసిక్కులుంటే నాలుగింట ఒకసారి మల్లిగన్ (చేతిలో బేసిక్ లేక మళ్లీ పంచుకోవడం). తెలుసా?

లెక్కల_మాస్టారు (ఉదయం 8:16)
25.9 శాతం. తెలుసు.

బీచ్‌రోడ్_బడ్యూ (ఉదయం 8:17)
తెలిసి కూడా తీయమంటున్నారా!

గాజువాక_గాలి (ఉదయం 10:30)
మీరంతా అందరూ ఆడే డెక్కులే ఆడండి. 2024లో హోనలూలూలో వరల్డ్ చాంపియన్ అయిన ఫెర్నాండో సిఫుయెంటెస్ ఏం ఆడాడు? ఐరన్ థార్న్స్ ఈఎక్స్. అది ముందు కూర్చుంటే ఈఎక్స్ లాంటి రూల్ బాక్స్ ఉన్నవాటి ఎబిలిటీలన్నీ (ప్రత్యేక శక్తులు) మూత. చారిజార్డ్, పిడ్జియట్ బొమ్మల్లా మిగిలిపోతాయి. ఎవరూ ఊహించనిది ఆడాలి, అంతే.

బీచ్‌రోడ్_బడ్యూ (ఉదయం 10:38)
ఆయన ఆ రోజు అక్కడ ఎబిలిటీ డెక్కులు ఎన్ని వస్తాయో లెక్కేసి ఆడాడు. మన షాపులో పదహారు మందిలో నలుగురు పిల్లలు పికాచు బొమ్మ బాగుందని ఆడతారు. వాళ్ల మీద ఏం ఊహిస్తావు?

గాజువాక_గాలి (ఉదయం 10:45)
పిల్లల సంగతి వదిలెయ్. నా బాధ వేరే. పోయినేడు ఆన్‌లైన్‌లో వరల్డ్ చాంపియన్‌షిప్ డెక్ ఒకటి తెప్పించాను. బాక్స్ అదిరిపోయింది. అటు ద్వారకానగర్ దాకా బస్సులో నిలబడి వెళ్తే, వెనక భాగం వేరేగా ఉంది, ఇది టోర్నీలో చెల్లదన్నారు. స్లీవ్ వేసినా చెల్లదట. అమ్మినవాడు ఆ ముక్క ఎక్కడా రాయలేదు. అందరికీ చెబుతున్నాను, అవి ఇంట్లో ఆడుకోవడానికే.

మురీమిక్చర్ (ఉదయం 11:02)
అది నయం. మా అన్న కొడుకు బర్త్‌డేకి ఎవరో ఫ్యాన్సీ షాపులో బంగారు రంగు కార్డుల డబ్బా కొన్నారు. 55 కార్డులు, అన్నీ బంగారమే, అన్నీ నకిలీవే. వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కొత్త_డ్రీపీ (మధ్యాహ్నం 1:15)
అందరికీ థాంక్స్. నైట్ స్ట్రెచర్ ఒకటి, అయోనో ఒకటి తీశాను. మూడోదానికి మీ ఇద్దరి గొడవ చూసి బడ్యూ, క్యాచర్ రెండూ ముట్టుకోలేదు. రేర్ క్యాండీ ఒకటి తీసేశాను. కార్డులు రాత్రే డబ్బాలో పెట్టాను.

ప్రాక్టీసుకి ఎవరూ చెప్పలేదు 🙂

లెక్కల_మాస్టారు (మధ్యాహ్నం 1:20)
రేర్ క్యాండీయా!! తమ్ముడూ, డస్కల్ నుంచి డస్క్‌నోయిర్‌కి ఒక్క గెంతులో వెళ్లేది దాంతోనే.

ఉక్కునగరం_గెంగార్ (మధ్యాహ్నం 1:26)
చారిజార్డ్ వేసుకోమంటే విన్నావా?

సింహాద్రి_స్లీవ్స్ (మధ్యాహ్నం 1:31)
ఏ డబ్బా? బియ్యందేనా?

కొత్త_డ్రీపీ (ఆదివారం, రాత్రి 8:50)
ఇప్పుడే ఇంటికొచ్చాను. రెండు గెలిచాను, రెండు ఓడాను, టాప్ 4 రాలేదు.

మొదటి రౌండు గార్డెవోయిర్ మీద. రెండో వంతు వచ్చింది, మొదటి చేతిలోనే బడ్యూ! ఎదురుగా ఆడినామె మూడు టర్నులు ఐటమ్ వేయలేకపోయింది. గెలిచాను. రెండో రౌండు ఒక చిన్న బాబుతో. మధురవాడ అమ్మ గారూ, మీ అబ్బాయే అనుకుంటా, ఎరుపు టోపీ. నేను తొందరపెట్టలేదండీ. వాడే నన్ను తొందరపెట్టాడు. వాడే గెలిచాడు కూడా.

మూడోది చారిజార్డ్. ఎదుటివాడి బెంచి మీద పిడ్జియట్ రెడీ. ముందున్న చారిజార్డ్ మీద ఫాంటమ్ డైవ్ కొడితే 200, ఇంకా 130 కావాలి. డెక్ మొత్తం వెతికాను, డస్క్‌నోయిర్ లేదు. ఉన్న ఒక్కటీ ప్రైజుల్లో ఉంది. ఓడిపోయాక తిప్పి చూస్తే కుడి వైపు అన్నిటికన్నా కిందది. నాలుగోది గెలిచాను, అవతలి అబ్బాయి రెండుసార్లు మల్లిగన్ అయ్యాడు.

లెక్కల_మాస్టారు (రాత్రి 9:01)
ఒక్క కాపీ, ఆరు ప్రైజులు, అరవై కార్డులు. పదింట ఒకసారి అలా జరుగుతుంది. నేను క్యాండీ అన్నాను గానీ ఇది నాకు తట్టలేదు. డస్క్‌నోయిర్ రెండో కాపీ పెట్టాల్సింది.

బీచ్‌రోడ్_బడ్యూ (రాత్రి 9:04)
దేనికి బదులు పెట్టాలి? బడ్యూ అని మాత్రం అనకండి.

మధురవాడ_అమ్మ (రాత్రి 9:10)
ఎరుపు టోపీ మా వాడే. ఈరోజు రెండు పూటలా అన్నం తిన్నాడు.

మురీమిక్చర్ (రాత్రి 9:15)
కార్డులు ఎలా ఉన్నాయి? జడ్జి ఏమైనా అన్నాడా?

కొత్త_డ్రీపీ (రాత్రి 9:18)
మూడో రౌండు ముందు డెక్ చూసి, రెండు స్లీవులు మూలల దగ్గర నలిగాయి, మార్చుకో అన్నారు. వంపు గురించి ఏమీ అనలేదు. ఒక్క రాత్రికే దాదాపు సాపు అయ్యాయి. సిలికా ప్యాకెట్లు నాలుగు వేశాను.

సింహాద్రి_స్లీవ్స్ (రాత్రి 9:20)
ఎక్కడ దొరికాయి?

కొత్త_డ్రీపీ (రాత్రి 9:21)
అమ్మ కొత్త చెప్పుల డబ్బాలో.

లెక్కల_మాస్టారు (రాత్రి 9:24)
అవి అప్పటికే తేమ పీల్చేసి ఉంటాయయ్యా! వాటితో సాపు అయ్యే అవకాశమే లేదు. డబ్బా ఎక్కడ పెట్టావు?

కొత్త_డ్రీపీ (రాత్రి 9:26)
ఏసీ గదిలో. బియ్యం బస్తా మీద.

సింహాద్రి_స్లీవ్స్ (రాత్రి 9:26)
😌

లెక్కల_మాస్టారు (రాత్రి 9:27)
ఏసీ! ఏసీ వల్ల!