పిల్లలను ట్రెక్కింగుకు పంపే ముందు నిర్వాహకులను ఏమేమి అడగాలి?

సీతమ్మధార_తండ్రి:

అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, డిసెంబరులో స్నేహితులతో కలిసి అనంతగిరి కొండల్లో రెండు రోజుల ట్రెక్కింగుకు వెళ్తానంటోంది. తీసుకువెళ్లేది విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు సంస్థ. గైడు వెంట ఉంటాడనీ, రాత్రికి టెంట్లలో బస అనీ, ప్రథమ చికిత్స పెట్టె ఉంటుందనీ వారి కాగితంలో రాశారు. ప్రమాదం జరిగితే ఏం చేస్తారని ఫోన్లో అడిగితే, "ఇంతవరకూ ఏమీ జరగలేదండి, మీరు కంగారు పడకండి" అన్నారు. పైగా, సొంత బాధ్యత మీద వస్తున్నామని పిల్లలు సంతకం చేయాలట. వెళ్లవద్దనడం నాకు ఇష్టం లేదు. కొండలు ఎక్కవలసిన వయసే అది. ఆ సంస్థ నిజంగా సిద్ధంగా ఉందో లేదో డబ్బు కట్టే ముందే తెలుసుకోవాలంటే ఏమి అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పండి. అమెరికాలో ఉన్న మా బావమరిది శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) పంపుతానంటున్నాడు. దాన్ని తెప్పించుకోవచ్చా?

తూర్పుకనుమలు:

ముందుగా, ఆ పరికరాన్ని తెప్పించుకోకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఆ తరహా మెసెంజర్లు మన దేశంలో వాడకూడదు. వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులు కూడా ఉన్నారు.

ఇక అసలు విషయం. పెట్టెలో ఏముందని కాకుండా ఇలా అడగండి: "రెండో రోజు మధ్యాహ్నం, కొండ మీద, ఒక అమ్మాయి కాలు విరిగి అడుగు వేయలేకపోతే, అక్కడి నుంచి ఆసుపత్రి మంచం దాకా ఏ పని ఎవరు చేస్తారు?" సిద్ధంగా ఉన్నవారు తడుముకోకుండా చెబుతారు. గాయపడిన మనిషి దగ్గర ఎవరుంటారు, మిగిలిన పిల్లలను ఎవరు దించుతారు, సిగ్నల్ కోసం ఏ గట్టు మీదికి వెళ్లాలి, అక్కడ ఏ కంపెనీ సిమ్ పనిచేస్తుంది, దగ్గరి ఊళ్లో జీపు ఎవరికుంది అన్నవన్నీ వారికి ముందే తెలిసి ఉండాలి. గైడు ఒక్కడే అయితే ఈ ప్రశ్నకు జవాబే ఉండదు. అతను గాయపడినవారి దగ్గర ఆగితే మిగతావారికి దారి చూపేవాడు లేడు, కబురు చెప్పడానికి వెళ్తే గాయపడినవారికి దిక్కు లేదు. కాబట్టి కనీసం ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు ఆ కొండ ఊరివారే కావాలి.

ఆ ఊరి మనిషి ఎందుకంటే, 108 వాహనం రోడ్డున్నంత వరకే వస్తుంది. ఏజెన్సీలో, అంటే గిరిజన కొండ ప్రాంతంలో, బైకు అంబులెన్సులు ఉన్నా, నిటారు బాటల్లో అవీ ఎక్కలేవు. అక్కడి నుంచి డోలీయే గతి. కర్రకు దుప్పటి కట్టి మనిషిని మోయాలంటే భుజాలు మార్చుకోవడానికి నలుగురికి మించి కావాలి, వారిని పిలిస్తే పలికే మనిషి కావాలి. ఘాట్ రోడ్డు దిగి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రి చేరడానికి పట్టే గంటలు ఆ తరువాతి లెక్క.

అటవీ శాఖ అనుమతి కాగితం కూడా చూపించమనండి. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ట్రెక్కింగుకు వెళ్లిన ఇరవై మందికి పైగా మరణించారు. ఆ తరువాతే అక్కడి ప్రభుత్వం ట్రెక్కింగుకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. అడవిలో ఎవరు ఏ దారిన ఉన్నారో బయట ఎవరికీ తెలియకపోతే వెతకడానికి వెళ్లేవారు కూడా లేరని అర్థం. మీ దగ్గర దారి పటం, జట్టులోని వారి పేర్లు, ఫలానా గంటలోగా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం ఉండాలి. నా దృష్టిలో శాటిలైట్ పరికరం కన్నా ఆ కాగితమే ముఖ్యం.

ఎమర్జెన్సీ_డాక్టర్:

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ వైద్యం గురించి కొంత చెబుతాను.

పాము కాటుకు కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం మూడూ హానికరమే. ఉంగరాలు, పట్టీలు వెంటనే తీసేసి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా కర్ర బద్దలు ఆనించి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకురావాలి. మన దేశంలో తయారయ్యే విరుగుడు ఇంజక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికే పనిచేస్తుంది. మన కొండల్లో ఉండే గిరినాగుకు, వెదురు పొదల్లోని ఆకుపచ్చ పింజరకు అది పనిచేయదు. అందుకే విరుగుడు దొరికే చోటు ఒక్కటే తెలిస్తే చాలదు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి ఏదో కూడా గైడుకు తెలిసి ఉండాలి.

పాములకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది బండరాళ్లకు పెద్ద తుట్టెలు పెట్టే తేనెటీగలు. అవి కుట్టాక ముఖం వాచి, గొంతు బిగుసుకుని, ఆయాసం వస్తే, తొడ కండరానికి వెంటనే ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షనే ప్రాణం నిలుపుతుంది. అది పెట్టెలో ఉందా, గడువు దాటిందా, ఇవ్వడం నేర్చినవారు జట్టులో ఉన్నారా అని తప్పక అడగండి. ఉబ్బసం, మూర్ఛ, అలెర్జీల వివరాలు పిల్లల దగ్గర ముందే తీసుకోని సంస్థ ఉంటే, నేనైతే మా పిల్లలను దానితో పంపను.

తిరిగి వచ్చాక కొన్ని వారాలలోపు జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లివచ్చిన సంగతి వైద్యుడికి చెప్పి మలేరియా పరీక్ష చేయించండి.

సీతమ్మధార_తండ్రి:

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ అడిగాను. రెండో గైడుగా ఆ ఊరివారే వస్తారట, దారి పటం ఇస్తామన్నారు. అయితే ప్రథమ చికిత్స శిక్షణ పత్రం ఎవరి దగ్గరా లేదట. అంతమాత్రాన వద్దనుకోవాలా?

తూర్పుకనుమలు:

పత్రం ఉంటే మంచిదే. నిర్జన ప్రాంతాల్లో ప్రథమ చికిత్స నేర్పే పూర్తి కోర్సుకు 70 గంటలకు పైనే పడుతుంది. దాన్ని చేసిన గైడులు ఇటువైపు తక్కువ. మీరే వారి కార్యాలయానికి వెళ్లి, కాలు విరిగినట్టు కూర్చుని, వారి సంచిలో ఉన్నవాటితోనే కట్టు కట్టమనండి. ఇప్పుడే చేతులు తడబడితే, చీకట్లో, వానలో చేయలేరు. అప్పుడు మొహమాటపడకుండా వద్దని చెప్పండి. కట్టు సరిగా కట్టగలిగితే పంపవచ్చు, కానీ మీ అమ్మాయి మెడలో ఒక విజిల్ వేయండి. నిమిషంలో ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు సార్లు ఊదడం సహాయం కోరే సంకేతం. జట్టులో అందరికీ అది ముందే తెలియాలి.