బాలల సంరక్షణ సిబ్బందికి శిక్షణ ఇస్తే వారి పని పరిస్థితులు బాగుపడతాయా?

మంజీర: జిల్లా బాలల సంరక్షణ విభాగంలో తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద ఔట్‌రీచ్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. మేము ఏ కష్టం చెప్పుకున్నా పైనుంచి వచ్చే జవాబు మరో మూడు రోజుల శిక్షణే. బాల న్యాయ చట్టం, 2015 ప్రకారం సామాజిక దర్యాప్తును, అంటే బిడ్డ ఇంటి పరిస్థితులు తెలుసుకునే పనిని, 15 రోజుల్లో పూర్తిచేయాలి. శిక్షణలో కూర్చున్న మూడు రోజులూ ఆ గడువులోంచే పోతాయి, తిరిగి వచ్చాక ఆ బిడ్డ విషయం తేల్చే బాలల సంక్షేమ సమితికి సంజాయిషీ ఇచ్చుకోవలసింది నేనే. ఇది మా పరిస్థితులను మెరుగుపరచడం ఎలా అవుతుంది?

నల్లమల: నేను శిక్షకుడిని. ఆ దర్యాప్తునే తీసుకుందాం. ఇంట్లో, బడిలో, ఇరుగుపొరుగున ఏమేమి అడగాలో తెలిసినవారు ఒక్క ప్రయాణంలో ముగించే పనికి తెలియనివారు మూడుసార్లు తిరుగుతున్నారు. లైంగిక దాడికి గురైన బాలికతో ఎలా మాట్లాడాలో తెలియకపోతే ఆమెకూ, విన్నవారికీ కూడా నిద్ర ఉండదు. శిక్షణను భారమనుకోవడం పొరపాటు.

మంజీర: తండ్రి మిరప కోతకు గుంటూరు వైపు వలస వెళ్లి, తల్లి నోరు విప్పకపోతే ఒక్క ప్రయాణంలో ఎలా ముగుస్తుంది? బస్సు ఛార్జీలు కూడా మాకు నెలల తర్వాతే వస్తాయి.



నల్లమల: సమితి నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలి కాబట్టే ఆ 15 రోజుల గడువు పెట్టారు. మీరు ఆలస్యం చేస్తే ఆ బిడ్డ బాలల సదనంలోనే ఉండిపోతుంది. మీ ఛార్జీల బాధను ఆమె మీద రుద్దకండి.

మంజీర: ఎవరి మీద రుద్దాను? గత మాఘమాసంలో ఒక బాల్యవివాహం గురించి బాలల సహాయవాణి 1098కి కబురు వస్తే, రాత్రి పది గంటలకు నన్ను ఒంటరిగా పంపారు. పెళ్లివారు నా బండి తాళం లాక్కుని, గంటన్నర సేపు నన్ను కదలనివ్వలేదు. మర్నాడు మా అధికారి ఫిర్యాదు పెట్టించకుండా, ఒత్తిడిని తట్టుకునే శిక్షణకు నా పేరు రాశానన్నారు. తప్పంతా నాలోనే ఉందన్నట్టుగా అప్పటినుంచీ ఆ మాట నాకు వినిపిస్తోంది.

వేదవతి: నేను కౌన్సెలర్‌ను. మా జిల్లాలోనూ ఇంతే. ఎవరినీ ఒంటరిగా పంపకూడదని నేర్చుకోవలసినవారు శిక్షణ గదిలోకి అడుగే పెట్టరు.

నల్లమల: మంజీర గారూ, మీ బాధను బిడ్డ మీద రుద్దకండని నేను అని ఉండకూడదు, క్షమించండి. కానీ 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం 13వ సెక్షను కింద మేజిస్ట్రేటు నుంచి పెళ్లిని ఆపే ఉత్తర్వు తెచ్చుకోవచ్చని, పోలీసులను వెంట పంపమని రాతపూర్వకంగా కోరవచ్చని సిబ్బందికి నేర్పవద్దంటారా?

మంజీర: అవి నాకు తెలుసు. కోరితే నా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియకనే ఆ రాత్రి నోరు మూసుకుని వెళ్లాను. శిక్షణ వద్దని నేను అనడం లేదు. ఎవరికి ఎన్ని కేసులు ఇవ్వాలో, రాత్రిపూట ఎవరిని ఎవరితో పంపాలో ముందు మా అధికారులకు నేర్పండి. కోరినందుకు పని పోదని వారి చేత రాయించండి.

నల్లమల: మొదటిది మా పాఠ్యక్రమంలో లేదు, చేర్చమని ఈ వారమే రాస్తాను. రెండోది నా చేతిలో లేదు.

మంజీర: మాకు కావలసింది ఆ రెండోదే.