హైదరాబాద్‌లో కొత్తగా తెరిచిన హోటల్‌కు వెళితే ఏ వంటకం అడగాలి?

గౌతమీతీరం (మియాపూర్):

అందరికీ నమస్కారం. మేము రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్‌కు మారి ఎనిమిది నెలలు కావస్తోంది. మావారు, నేను, అత్తయ్యగారు, పదేళ్ల మా అబ్బాయి కలిసి నెలకు రెండు ఆదివారాలు బయట భోంచేయడం అలవాటు చేసుకున్నాము. పెద్ద హోటళ్ల మీద మాకు ఆసక్తి లేదు. నిజాంపేట మొదలుకొని కొండాపూర్ దాకా వీధికొకటి చొప్పున కొత్త హోటళ్లు తెరుచుకుంటున్నాయి కదా, నలుగురం పదిహేను వందల రూపాయల లోపు తృప్తిగా తిని రాగలిగే అటువంటి చోట్ల గురించే నా ప్రశ్న.

ఇబ్బంది ఏమిటంటే, ఎక్కడికి వెళ్లినా మెనూలో వందకు తక్కువ కాకుండా వంటకాలు ఉంటాయి. వాటిలో ఏది ఆ హోటల్ ప్రత్యేకతో తెలియక, చివరికి బిర్యానీ చెప్పి తిని వచ్చేస్తున్నాము. మొన్నటి ఆదివారం ధైర్యం చేసి ఒక కొత్త చోట నాలుగు రకాల కూరలు తెప్పించాము. పేర్లు నాలుగు, గిన్నెలు నాలుగు, రుచి మాత్రం ఒక్కటే. గోంగూర మాంసంలో గోంగూర పులుపు నాలుకకు తగలనే లేదు. అత్తయ్యగారు శాకాహారి, ఆవిడకు చెప్పిన గుత్తివంకాయకూ, పక్కనే ఉన్న పనీరు కూరకూ రంగులో కూడా తేడా లేదు. బయటికి వచ్చాక ఆవిడ, "ఇంట్లో చారు పెట్టుకున్నా కడుపు నిండేది" అన్నారు. పైకి ఏమీ అనలేకపోయాను కానీ, ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది.

ఒక వంటశాలలో నిజంగా మనసు పెట్టి వండే వంటకం ఏదో ముందుగా గుర్తించడం ఎలా? మీరు స్వయంగా తిన్న వాటిని, ఎందుకు నచ్చాయో కారణంతో సహా చెబితే కృతజ్ఞురాలిని.

వంటింటి లెక్కలు (కూకట్‌పల్లి):

గౌతమీతీరం గారూ, పదకొండేళ్ల పాటు హోటళ్ల వంటశాలల్లో సరుకులు, వంటలు పర్యవేక్షించిన అనుభవంతో రాస్తున్నాను. నాలుగు కూరలూ ఒకే రుచిగా అనిపించడం మీ నాలుక పొరపాటు కాదు. చిన్న వంటశాలల్లో పొద్దున్నే రెండు మూడు రకాల గ్రేవీలు పెద్ద గిన్నెల్లో సిద్ధం చేసి ఉంచుతారు. ఉల్లిపాయ, టమాటా వేయించి రుబ్బినది ఒకటి, జీడిపప్పుతో చేసిన తెల్లనిది మరొకటి. ఆర్డరు రాగానే బాణలిలో రెండు గరిటెల గ్రేవీ, ముందే ఉడికించి ఉంచిన ముక్కలు, పైన ఒక చెంచాడు గోంగూర ముద్దో, కారప్పొడో వేస్తే ఐదు నిమిషాల్లో కూర తయారవుతుంది. నలుగురు వంటవాళ్లు వంద వంటకాలు అందించాలంటే ఇంతకన్నా వేరే దారి లేదు కనుక, దీనిని మోసమని నేను అనను. ఇంటికి తెచ్చి ఇచ్చే యాప్‌లలో ఎవరు ఏ పేరుతో వెతికినా తమ హోటల్ కనబడాలన్న ఆరాటం వల్లనే మెనూలు ఇంత పొడవు పెరిగాయి.

అందుచేత ఆ గ్రేవీ గిన్నెలోంచి రావడానికి వీలులేని వంటకం అడగండి. నాటుకోడి ఫారం కోడిలా పావుగంటలో ఉడకదు. పులుసులో చాలాసేపు ఉంటే తప్ప ముక్క మెత్తబడదు. చేపల పులుసు పొద్దున వండి పక్కన పెడితేనే మధ్యాహ్నానికి ముక్కకు పులుపు పడుతుంది. తలకాయ కూర, దోసకాయ పప్పు, పనసపొట్టు కూర కూడా ఇటువంటివే. ఉలవచారును మాత్రం అడిగి తెలుసుకొని చెప్పండి. అది ఇప్పుడు తయారుగా కూడా కొనడానికి దొరుకుతోంది.

కూర్చోగానే, మెనూ తెరవకముందే, "ఈ రోజు పొద్దున పొయ్యి మీద పెట్టినవి ఏమేమిటి?" అని అడగండి. వడ్డించే అబ్బాయి లోపలికి వెళ్లి కనుక్కొని వచ్చి రెండు మూడు పేర్లు చెబితే, వాటినే తెప్పించండి. అన్నీ ఉన్నాయి అంటే ఒక్క కూరతో సరిపెట్టుకోండి. "నాటుకోడి అయిపోయిందండీ" అన్న మాట వినబడిన చోటికి నేను మరుసటి వారం తప్పకుండా వెళతాను, ఏ పూట వండింది ఆ పూటకే సరిపెడుతున్నారన్నమాట. గోదావరి వారు కనుక ఒక మాట: ఏడాది పొడవునా పులస చేప దొరుకుతుందని బోర్డు పెట్టిన చోట పులస అడగకండి. వరద నీటికి ఎదురీదుతూ అది గోదావరిలోకి వచ్చే రోజులు ఏవో మీకు నేను చెప్పనవసరం లేదు.

పెన్నగట్టు (కొండాపూర్):

పై వారు చెప్పినదానికి మా కడప వైపు వంటనే ఉదాహరణగా చెబుతాను. రాయలసీమ రుచుల పేరుతో ఇటీవల చాలా హోటళ్లు వచ్చాయి. అక్కడ బిర్యానీ వైపు చూడకుండా సంకటి, నాటుకోడి పులుసు అడగండి. సంకటికి బియ్యం మెత్తగా ఉడికాక పైన రాగి పిండి పోసి, మూత పెట్టి మగ్గనిచ్చి, దించి తెడ్డుతో ఉండలు కట్టకుండా గట్టిగా కలియబెట్టాలి. చేతులు నొప్పి పుట్టే పని అది. ముద్ద మీ పళ్లెంలోకి వచ్చేసరికి ఆవిరి కక్కుతూ ఉండాలి; తడి చేత్తో నొక్కితే వేలికి అంటుకోకుండా మెత్తగా దిగాలి. మధ్యలో గుంట చేసి నెయ్యి పోసుకొని, చిన్న ముక్క తుంచి, పులుసులో అద్ది నమలకుండా మింగాలి. చల్లారిన సంకటి గట్టిపడి గొంతు దిగదు కనుక, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు లోపల వెళ్లడం మంచిది.

మీ అత్తయ్యగారికి సంకటితో ఊరిబిండి, ఆకుకూర పప్పు ఇమ్మని అడగండి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు రోట్లో కచ్చాపచ్చాగా నూరిన ఊరిబిండి ఉంటే ఆవిడకు మాంసాహారుల కంటే మంచి భోజనమే దొరికినట్టు. ఉదయం పూట అయితే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నీళ్లలో ముంచి పిండిన బొరుగులకు తాలింపు పెట్టి, పుట్నాల పొడి కలిపి వెంటనే వడ్డించాలి. పదకొండు దాటాక ఉగ్గాని అడగకండి, నానిపోయి ముద్దగా వస్తుంది.

మూసీ ఒడ్డున (మెహదీపట్నం):

నేను చార్మినార్ పక్కన పెరిగిన దాన్ని. మా వైపు వంటకాలకు గడియారం మరీ ముఖ్యం. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన నిహారీ అనే మాంసపు పులుసును తెల్లవారాక నాన్‌తో తినాలి; దానిని రాత్రి భోజనంలో అడగడం అనవసరం. హలీం రంజాన్ నెలలో, సాయంకాలం దాటాక తినవలసినది. హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది కానీ, దానికి మూలమైన హరీస్ అనే అరబ్బుల గోధుమ, మాంసం వంటకాన్ని రుచి చూడాలంటే బార్కాస్ వెళ్లాలి.

బార్కాస్ అంటే నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల బ్యారక్స్ ఉండిన చోటు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన ఆ కుటుంబాల వంట మండీ. నగరంలో కొత్తగా తెరుస్తున్న హోటళ్లలో ఇప్పుడు ఎక్కువగా కనబడే పేరు ఇదే కనుక, కొంచెం వివరంగా చెబుతాను. అసలు పద్ధతిలో గొయ్యి లాంటి పొయ్యి అడుగున బియ్యం గిన్నె, దానిపైన మాంసం ఉంచి మూసేస్తారు. మాంసం రసం, కొవ్వు చుక్కచుక్కగా అన్నంలోకి దిగుతాయి. చాలా చోట్ల అన్నం వేరుగా వండి, వేయించిన కోడిని పైన పెట్టి అదే పేరుతో ఇస్తున్నారు. మాంసం ముట్టుకోకుండా ముందు పళ్లెం మధ్యలోని అన్నం ఒక ముద్ద తిని చూడండి. ఆ ముద్దలో మాంసం రుచి ఉంటే అది మండీ; రంగు, సువాసన మాత్రమే ఉంటే మరోసారి వెళ్లనవసరం లేదు. నేలమీద పరుపుల మీద కూర్చొని అందరూ ఒకే పళ్లెంలో తినే ఏర్పాటు మీ అబ్బాయికి తప్పకుండా నచ్చుతుంది.

అత్తయ్యగారి కోసం: ఎండు ఆప్రికాట్ పళ్లతో చేసే ఖుబానీ కా మీఠాను మీగడతో అడగండి. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్; తెల్లవారుజామున లేవగలిగితే నాంపల్లి వైపు రామ్ కీ బండిలో వెన్న దోశ. ఇవి కొత్తవి కావు, అయినా కొత్త హోటల్‌లో అదే దోశ తిన్నప్పుడు పోల్చుకోవడానికి నాకు ఇవే కొలతలు.

ఓరుగల్లు కోడలు (ఉప్పల్):

శాకాహారుల కోసం సర్వపిండి గురించి ఎవరైనా చెబుతారేమోనని చూశాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లికాడలు, కారం కలిపి, గిన్నె లోపల చేత్తో పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసి కాలుస్తారు. వేడి గిన్నెలో పిండి అద్దడం కుదరదు కనుక, ఒకటి దించాక గిన్నె చల్లబడే దాకా ఆగాలి. అందుకే మంచి చోట అయిదారు గిన్నెలు వరుసగా తిరుగుతూ ఉంటాయి. మా ఉప్పల్ వైపు కొత్తగా తెరిచిన ఒక చిన్న టిఫిన్ సెంటరులో ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఇదే చేస్తున్నారు. అడుగున ఎర్రగా కాలిన పొర అంచు దాకా కరకరలాడుతుంది.

అంకాపూర్ కోడి పేరుతో నడిచే చోట్లకు వెళ్లేటట్లయితే ముందుగా ఫోన్ చేసి కిలో లెక్కన చెప్పండి. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో కూడా అడిగాకనే వండి ఇస్తారు. పక్కన పచ్చిపులుసు ఉందో లేదో తప్పక అడగండి.

గౌతమీతీరం (మియాపూర్):

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న ఆదివారం పన్నెండున్నరకు నిజాంపేట దారిలోని ఒక రాయలసీమ హోటల్‌కు వెళ్లి, మెనూ పక్కన పెట్టి, వంటింటి లెక్కలు గారు చెప్పిన ప్రశ్ననే అడిగాను. వడ్డించే అబ్బాయి ఆశ్చర్యంగా చూసి, లోపలికి వెళ్లి వచ్చి, "సంకటి, నాటుకోడి, తోటకూర పప్పు, ఇవే మేడమ్ పొద్దున పెట్టినవి. ఊరిబిండి ఇప్పుడు నూరుతున్నారు, పది నిమిషాలు ఆగుతారా?" అన్నాడు. ఆగాము. పెన్నగట్టు గారూ, మా అబ్బాయి మొదటి ముద్ద నమిలి అంగిటికి అంటించుకున్నాడు, రెండోదానికి నేర్చుకున్నాడు. అత్తయ్యగారు ఊరిబిండి రెండోసారి వేయించుకొని, దానిలో ఉల్లిపాయ పచ్చిదో వేయించినదో కనుక్కుని రమ్మని నన్ను వంటింటి గుమ్మం దాకా పంపారు. పచ్చిదేనట, చివరలో వేసి ఒక్కసారి దంచుతారట. బిల్లు 1,140 రూపాయలు అయింది.

మా వైపు నుంచి ఒక సమాచారం. టిఫిన్ హోటల్‌లో దిబ్బరొట్టె కనబడితే ఎంతసేపు పడుతుందని అడగండి. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపిన పిండి మందపాటి మూకుడులో సన్నని సెగ మీద లోపలి దాకా కాలడానికి అరగంటకు తక్కువ పట్టదు. ఐదు నిమిషాల్లో తెస్తామంటే అది మందంగా పోసిన ఊతప్పమే. పాలకొల్లు రుచి తెలిసినవారు దానితో నంజుకోవడానికి చెరకు పానకం ఉందా అని కూడా అడుగుతారు.

ఓరుగల్లు కోడలు గారూ, ఆ అక్కాచెల్లెళ్ల టిఫిన్ సెంటరు ఉప్పల్‌లో ఎటువైపు, ఉదయం ఎన్ని గంటలకు మొదటి గిన్నె దించుతారో రాయగలరా? వచ్చే ఆదివారం అక్కడికేనని అత్తయ్యగారు ఇప్పటికే చెప్పారు.