అప్‌డేట్: అమ్మ మతిమరుపు గురించి అడిగాను కదా

మూడు నెలల క్రితం అడిగాను: అమ్మకి 68 ఏళ్లు, చెప్పింది చెప్పినట్టే మర్చిపోతోంది, అమ్మమ్మలాగే డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) వస్తుందేమోనని టెన్షన్‌గా ఉందని. ముందు చెవి పరీక్ష చేయించమని ఒకరు రాశారు. వారికి చేతులెత్తి దండం.

న్యూరాలజిస్టు ఇప్పటికైతే డిమెన్షియా లేదన్నారు. వినికిడి మాత్రం బాగా తగ్గింది, బీపీ కూడా ఎక్కువే. సగం మాటలు అమ్మ మర్చిపోవడం కాదు, అసలు వినపడనే లేదు! లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో చెప్పిన, డిమెన్షియా ముప్పు పెంచే 14 కారణాల్లో వినికిడి లోపం, బీపీ, షుగర్, నలుగురిలో కలవకపోవడం కూడా ఉన్నాయి. ఆ 14 సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమట.

చెవి మిషన్ పెట్టుకున్న మొదటి రోజు అమ్మ పొయ్యి దగ్గర అలాగే నిలబడిపోయింది. "పోపులో ఆవాల చిటపట విని ఎన్నాళ్లయిందిరా" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు పొద్దున్నే ఇందిరా పార్కులో అరగంట నడక. అక్కడ పరిచయమైన ఇద్దరు ఆంటీలతో కబుర్లు. నడకతో పాటు ఆ కబుర్లే అమ్మని నిలబెడుతున్నాయని నా నమ్మకం. బీపీ మాత్ర రోజూ వేసుకుంటోంది. ఉప్పు తగ్గించాం. ఆవకాయ మాత్రం పూర్తిగా మాన్పించలేకపోయాం, పెరుగన్నంలోకి ఒక్క ముక్కకి ఒప్పుకుంది. ఆరు నెలల తర్వాత మళ్లీ జ్ఞాపకశక్తి పరీక్ష ఉంది. అప్పుడు వచ్చి రాస్తాను.