అప్‌డేట్: ఆదివారం బిర్యానీ మానలేదు, బరువు తగ్గాను

బరువు తగ్గాలంటే స్నేహితులతో ఆదివారం భోజనాలు మానుకోవాలా అని మూడు నెలల క్రితం అడిగాను. మానలేదు. నాలుగు కిలోలు తగ్గాను.

ఆకలితో మాడుతూ వెళ్లవద్దన్న సలహా బాగా పనిచేసింది. బయలుదేరే ముందు గ్లాసు మజ్జిగ, ఒక ఉడికించిన గుడ్డు తీసుకుంటున్నాను. అక్కడ ముందు కీరా, చికెన్ ముక్కలు. తరువాతే బిర్యానీ, ఒకే గరిటె. అడుగున మసాలా పట్టిన అన్నమే అడిగి వేయించుకుంటాను, రుచంతా అక్కడే కదా! గ్రాము నూనెకు 9 కేలరీలు, పిండిపదార్థానికి 4 అని తెలిశాక వేపుళ్లు తగ్గించాను.

కష్టమల్లా కొసరి వడ్డించే మిత్రుడితోనే. ప్లేటుకు అరచెయ్యి అడ్డం పెట్టి "చాలురా, కడుపు నిండింది" అంటే మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు. పోయిన వారం నాకోసం పెరుగు చట్నీలో కీరా ఎక్కువగా తరిగి వేశాడు.

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.